ఇల్లు కొనే ముందు ఎవరి కళ్ళతో చూడాలి?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ మాట పుట్టిన కాలంలో ఇంటి యజమాని పునాది తవ్విన రోజు నుంచి గృహప్రవేశం దాకా పనివాళ్ళ పక్కనే నిలబడేవాడు. గోడలో ఏ రాయి పడిందో, సున్నం ఎంత కలిపారో అతని కళ్ళముందే జరిగేది. నేడు నగరంలో ఇల్లు కట్టుకునేవారి కంటే కట్టిన ఇల్లు కొనుక్కునేవారే ఎక్కువ. మనం చూసే సమయానికి గోడలకు పుట్టీ పెట్టి రంగు వేసి ఉంటుంది. గచ్చు మీద టైల్స్ మెరుస్తుంటాయి. ఇనుము, కాంక్రీటు, పైపులు, పునాది అన్నీ లోపల దాగి ఉంటాయి. సంతలో మట్టికుండ కొన్నా నాలుగుసార్లు తట్టి చూసే మనం, ఇరవై ఏళ్ళు వాయిదాలు కట్టవలసిన ఇంటిని మాత్రం అరగంటలో చూసి బయానా ఇచ్చి వస్తాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! "హాస్టల్లో చదువుకునే మాకు ఫ్లాట్ల సంగతి ఎందుకు?" అని మీరు అడగవచ్చు. దానికి రెండు కారణాలు చెబుతాను. మొదటిది, ఇంకో అయిదారేళ్ళలో మీలో చాలామంది ఉద్యోగాల్లో చేరతారు. అమ్మానాన్నలకు ఒక సొంత ఇల్లు అన్నదే మనలో ఎక్కువమంది మొదటి కోరిక. అయితే మన కుటుంబాల్లో ఇంతకు ముందు ఫ్లాటు కొన్నవారు లేరు. మేనమామను అడుగుదామన్నా, తాతను అడుగుదామన్నా వారికీ తెలియదు. తెలియనితనం ఖరీదు మన ఇళ్ళల్లో చాలా ఎక్కువ, ఎందుకంటే ఒకసారి పోయిన డబ్బును మళ్ళీ తెచ్చే ఆస్తి వెనుక ఉండదు. రెండవది, ఈ నగరంలో ఆ పిల్లర్లను నిలబెట్టేవారు, ఆ స్లాబులు వేసేవారు చాలావరకు మన తల్లిదండ్రులే. ఇల్లు గట్టిగా ఉందా లేదా అన్న ప్రశ్న కొనేవారికి ఎంత ముఖ్యమో, కట్టేవారి ప్రాణాలకూ అంతే ముఖ్యం.

నేను ఎం.టెక్.లో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. తరగతిలో నేర్చుకున్నదీ, పని స్థలాల్లో చూసినదీ కలిపి, ఇల్లు కొనేవారు తమ కోసం అర్హత గల తనిఖీ ఇంజనీరును ఎలా ఎంచుకోవాలో ఈ పాఠంలో వివరిస్తాను.

ప్రగతి నగర్ చెప్పే చరిత్ర

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీకి రాకపోకలు వీలుగా ఉండే ప్రతి ఊరూ ఇళ్ళ స్థలాలుగా మారింది. కూకట్‌పల్లి, జేఎన్‌టీయూ దాటగానే ఉండే ప్రగతి నగర్ అలా పెరిగినదే. 2019లో నిజాంపేట, బాచుపల్లితో కలిపి నిజాంపేట మునిసిపల్ కార్పొరేషన్ ఏర్పడేదాకా ఇది గ్రామ పంచాయతీ. అందువల్ల ఇక్కడ పక్కపక్కనే మూడు రకాల భవనాలు కనిపిస్తాయి. పంచాయతీ రోజుల్లో కట్టిన పాత అపార్టుమెంట్లు కొన్ని, హెచ్ఎండీఏ అనుమతితో కట్టినవి కొన్ని, కార్పొరేషన్ వచ్చాక లేచినవి కొన్ని. ఒక్కొక్క దానికి అనుమతి ఇచ్చిన కార్యాలయం వేరు, నియమాలు వేరు, వయసు వేరు. ఊరి మధ్యలో అంబీర్ చెరువు ఉంది. చెరువుకు దగ్గరి నేల ఒక రకంగా, గుట్టరాయి మీది నేల మరో రకంగా ఉంటుంది. కాబట్టి "ఈ ఏరియాలో అన్ని బిల్డింగులూ బాగానే ఉంటాయి" అనే మాటకు అర్థం లేదు. ప్రతి భవనాన్నీ విడిగా చూడవలసిందే.

2020లో మన రాష్ట్రంలో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. చిన్న భవనాలకు యజమాని స్వీయ ధృవీకరణ మీదే వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతిని అది తెచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, మంచిదే. కానీ కట్టేవాడి మాటను ప్రభుత్వం నమ్మిన చోట, కొనేవాడు మరింత జాగ్రత్తగా ఉండాలన్నది అందులోనే ఉన్న పాఠం.

చూడటానికి వచ్చేవారు ఎవరి కోసం వస్తారు?

మనలో చాలామంది అనుకునేదేమిటంటే, ఇంతమంది చూసిన ఇల్లు బాగానే ఉంటుందని. నిజానికి వచ్చినవారిలో ఎవరు ఎవరి కోసం చూస్తారో ఒకసారి లెక్క వేద్దాం.

1. బ్యాంకు వాల్యూయర్: ఈయన బ్యాంకు తరఫున వస్తారు. అప్పు తీరకపోతే ఇల్లు అమ్మితే ఎంత వస్తుందన్నది ఆయన లెక్క. స్లాబు కారుతుందా అన్నది ఆయన పని కాదు.

2. బ్యాంకు న్యాయవాది: లింకు డాక్యుమెంట్లు, ఈసీ, యాజమాన్య హక్కు చూస్తారు. భవనం దగ్గరకు రావలసిన అవసరమే లేదు.

3. పట్టణ ప్రణాళిక అధికారి: ప్లాను ప్రకారం కట్టారా, చుట్టూ ఖాళీ స్థలం వదిలారా, అంతస్తులు మించాయా అన్నది చూస్తారు. కాంక్రీటు బలం కొలవరు.

4. సబ్ రిజిస్ట్రార్: పత్రాలను రిజిస్టరు చేస్తారు.

5. బిల్డరు ఇంజనీరు: ఎంత మంచివారైనా జీతం బిల్డరు దగ్గర తీసుకుంటారు.

6. మధ్యవర్తి: అమ్మకం జరిగితేనే ఆయనకు కమీషను.

7. వాస్తు పండితులు: కొనేవారు తప్పకుండా పిలుచుకువచ్చే మనిషి ఈయన ఒక్కరే! ఎవరి నమ్మకం వారిది. కానీ ఈశాన్యం సరిగా ఉన్నంత మాత్రాన పిల్లరులో ఇనుము సరిగా ఉన్నట్లు కాదు.

చూశారా! ఏడుగురు వచ్చినా, కొనేవారి తరఫున భవనం ఆరోగ్యాన్ని పరీక్షించేవారు ఒక్కరూ లేరు.

మా చిన్నమ్మ వాళ్ళ విషయంలో ఇదే జరిగింది. చిన్నమ్మ, చిన్నాయన కర్రీ పాయింట్ నడిపి కూడబెట్టిన డబ్బుతో ఒక పాత అపార్టుమెంటులో రెండు గదుల ఫ్లాటు కొన్నారు. "ఇంజనీరు చూసిండు, రిపోర్టు కూడా ఉంది" అని మధ్యవర్తి ధైర్యం చెప్పాడు. మొదటి వానాకాలంలోనే హాలు పైకప్పు మీద గోధుమరంగు మరక వచ్చింది. తరువాత రంగు పొంగి పెచ్చులు ఊడాయి. పై ఫ్లాటు స్నానాల గది నుంచి చాలాకాలంగా నీరు దిగుతోందని, అమ్మకానికి ముందు పుట్టీ పెట్టి కప్పారని అప్పుడు తెలిసింది. ఆ "రిపోర్టు" నేను చదివాను. అది బ్యాంకు విలువ నివేదిక. గదుల కొలతలు, చదరపు అడుగు ధర, నాలుగు ఫోటోలు ఉన్నాయి. చెమ్మ గురించి ఒక్క వాక్యం లేదు. అందులో అబద్ధమూ లేదు. అది మా చిన్నమ్మ కోసం రాసినది కాదు, అంతే.

ఎవరికి అర్హత ఉంది?

బ్రిటన్‌లో ఇల్లు కొనేవారు చార్టర్డ్ సర్వేయరును పెట్టుకుంటారు. వారి సంస్థ 1868లోనే ఏర్పడింది. అమెరికాలో ఇళ్ళ తనిఖీదారుల సంఘం 1976 నుంచి ఉంది. టెక్సాస్‌లో ఈ పని చేయడానికి లైసెన్సు తప్పనిసరి. అక్కడ స్థిరపడిన మన తెలుగువారు ఇల్లు కొనేటప్పుడు, తనిఖీ చేయించుకుని నచ్చకపోతే వెనక్కి తగ్గడానికి ఒప్పందంలోనే కొన్ని రోజుల గడువు రాసుకుంటారు.

మన దేశంలో ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టం ఉంది గానీ, "ఇళ్ళ తనిఖీదారు" అనే వృత్తికి ప్రత్యేక చట్టం, లైసెన్సు లేవు. ఒక కెమెరా, చెమ్మ కొలిచే చిన్న పరికరం కొనుక్కుని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి బోర్డు చూడకూడదు, మనిషి అర్హత చూడాలి. ఆ అర్హతలు ఇవి:

స్ట్రక్చరల్ ఇంజనీరు: సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీ, ఆపైన స్ట్రక్చరల్ ఇంజనీరింగులో పీజీ, పురపాలక సంస్థ వద్ద స్ట్రక్చరల్ ఇంజనీరుగా నమోదు. పిల్లర్లు, బీములు, స్లాబుల బలం గురించి మాట్లాడటానికి అందరికంటే తగినవారు వీరే.

చార్టర్డ్ ఇంజనీరు: ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఇండియా అనే సంస్థ 1920లో ఏర్పడింది. మన రాష్ట్ర కేంద్రం ఖైరతాబాదులో ఉంది. చదువు, అనుభవం చూసి ఈ గుర్తింపు ఇస్తారు. అయితే అన్ని శాఖల ఇంజనీర్లూ ఇందులో ఉంటారు కనుక సివిల్ విభాగమేనా అని అడగాలి.

ఆర్కిటెక్టు: ప్లానుకూ కట్టడానికీ తేడాలు, గాలి వెలుతురు, నీటి పారుదల, చెమ్మ వంటివి బాగా చూడగలరు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నమోదు సంఖ్య ఉండాలి. బలం విషయంలో వీరు కూడా స్ట్రక్చరల్ ఇంజనీరు సలహా తీసుకుంటారు.

సంస్థలు: పెద్ద పగుళ్ళు, తుప్పు వంటి తీవ్రమైన అనుమానం ఉంటే జేఎన్‌టీయూ వంటి ఇంజనీరింగ్ విద్యాసంస్థలు, సిమెంటు మరియు నిర్మాణ సామగ్రి జాతీయ మండలి వారి హైదరాబాద్ కేంద్రం వంటి చోట్ల పరీక్షలు చేస్తారు. ఒక్క ఫ్లాటుకు ఇది బరువు కావచ్చు. అపార్టుమెంటు సంఘం అంతా కలిసి చేయించుకుంటే ఒక్కొక్కరికీ భారం తగ్గుతుంది.

ఇక్కడ మేస్త్రీల మాట కూడా చెప్పాలి. మా బాపు ముప్పై ఏళ్ళుగా సెంట్రింగ్ పని చేస్తున్నారు. "నీళ్ళు తాగని స్లాబు ఎప్పటికైనా నీళ్ళు కారుస్తది బిడ్డా" అంటారు. క్యూరింగ్ గురించి నేను చదివిన అధ్యాయమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఐ.ఎస్. 456 అనే 2000 సంవత్సరపు ప్రమాణం కాంక్రీటును కనీసం 7 రోజులు, పొడి వేడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడిపి ఉంచాలని చెప్పింది. అనుభవం గల మేస్త్రీని వెంట తీసుకుపోతే మేలే. కానీ రేపు గొడవ వస్తే అధికారుల ముందు నిలిచేది అర్హత గల ఇంజనీరు సంతకం. అందుకే మేస్త్రీ అనుభవమూ కావాలి, ఇంజనీరు సంతకమూ కావాలి.

ఎంపికకు మూడు ప్రశ్నలు

పరీక్షకు సూత్రం గుర్తుంచుకున్నట్లు ఈ మూడు ప్రశ్నలు గుర్తుంచుకోండి: ఎవరి మనిషి? ఏం చదివారు? ఏం రాసి సంతకం పెడతారు?

మొదటి ప్రశ్న, ఎవరి మనిషి? ఫీజు కొనేవారే ఇవ్వాలి. బిల్డరు గానీ, అమ్మేవారు గానీ, మధ్యవర్తి గానీ "మా ఇంజనీరును పంపిస్తాం, ఖర్చు మాది" అంటే దండం పెట్టి వద్దనండి. ఫీజు పనికి ఇంత అని ముందే మాట్లాడుకోవాలి. ఇంటి ధరలో శాతంగా గానీ, అమ్మకం జరిగితేనే అని గానీ ఉండకూడదు. లోపాలు కనిపెట్టిన మనిషే "మరమ్మతు నేనే చేస్తాను" అంటే కూడా ఆలోచించాలి, ఎందుకంటే ఎన్ని లోపాలు చూపిస్తే ఆయనకు అంత పని.

రెండవ ప్రశ్న, ఏం చదివారు? డిగ్రీ, నమోదు సంఖ్య అడిగి తీసుకోండి. నమోదు చేసిన సంస్థ వద్ద సరిచూడండి. ఇలాంటి భవనాలు ఇదివరకు ఎన్ని చూశారో, ఏ పరికరాలు వాడతారో అడగండి. అడగటం అవమానించటం కాదు. నిజమైన అర్హత ఉన్నవారు సంతోషంగా చెబుతారు.

మూడవ ప్రశ్న, ఏం రాసి సంతకం పెడతారు? "బాగుంది, కొనుక్కో" అనే నోటిమాట నివేదిక కాదు. పేరు, సంతకం, నమోదు సంఖ్య, తేదీ, ఫోటోలతో రాతపూర్వకంగా ఇవ్వాలి. ఏ భాగాలు చూశారో, ఏవి చూడటానికి వీలుకాలేదో కూడా అందులో ఉండాలి. గోడ లోపలి పైపులు, నేలలోని పునాది మామూలు తనిఖీలో కనిపించవు. ఆ మాట నిజాయితీగా రాసేవారినే నమ్మాలి. "అన్నీ చూశాను, ఏ లోపమూ లేదు" అని రాసేవారిని అనుమానించాలి. పాత నివేదిక ఒకటి పేర్లు తీసేసి చూపించమనండి. అది చూస్తే ఆయన పని ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఇంకొక మాట. తనిఖీ జరిగేటప్పుడు మీరు వెంట ఉండండి. వెంట రానివ్వనివారిని పెట్టుకోకండి.

మంచి ఇంజనీరు ఏం చూస్తారు?

తనిఖీ ఫ్లాటు తలుపు దగ్గర కాదు, కింద పార్కింగులో మొదలవుతుంది. మన అపార్టుమెంట్లలో చాలావాటికి కింది అంతస్తులో గోడలు ఉండవు, పిల్లర్లే ఉంటాయి. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ ప్రాంతంలో భూకంపం వస్తే, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూడా ఇలా పార్కింగు పిల్లర్ల మీద నిలబడ్డ అపార్టుమెంట్లు కూలాయి. అందువల్ల ఆ పిల్లర్లకు పగుళ్ళు, తుప్పు మరకలు ఉన్నాయా, పైపుల కోసం ఎవరైనా చెక్కారా అన్నది మొదట చూస్తారు.

తరువాత డాబా పైకి వెళతారు. నీళ్ళ ట్యాంకు కింద ఏమైనా తడి ఉందా, వాన నీరు పోవడానికి వాలు ఉందా, అనుమతి లేకుండా పైన గదులు వేశారా అని చూస్తారు. అనుమతి పత్రంలోని అంతస్తులనూ, కళ్ళముందు ఉన్న అంతస్తులనూ లెక్కపెట్టి పోలుస్తారు. మూడు అంతస్తులకు లెక్కకట్టిన పునాది మీద అయిదు వేస్తే, ఆ బరువు మోయవలసింది ఆ పునాదే కదా!

ఇక పగుళ్ళు. అన్ని పగుళ్ళూ ప్రమాదం కాదు. అన్నీ మామూలూ కాదు. సాలెగూడులా ప్లాస్టరింగ్ మీద మాత్రమే ఉండే సన్నని గీతలు ఎక్కువగా ఎండటం వల్ల వచ్చినవి. ఇటుక గోడా, పిల్లరూ కలిసే చోట నిలువుగా వచ్చే గీత రెండు వేర్వేరు పదార్థాల కదలిక వల్ల కావచ్చు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పాకే పగులు పునాది దిగుతోందేమో అని అడగమంటుంది. పిల్లరులో చువ్వ వెంట నిలువుగా వచ్చి తుప్పురంగు కారుతున్న పగులు, బీము చివర పిల్లరు దగ్గర ఏటవాలుగా వచ్చిన పగులు, ఈ రెండింటినీ చూస్తే ఇంజనీరు అక్కడే ఆగిపోతారు.

ఫ్లాటు లోపల స్నానాల గదుల వెనుక గోడలు, పైకప్పు మూలలు, కిటికీల కింద చెమ్మ చూస్తారు. టైల్స్‌ను నాణెంతో తడతారు. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు సరిగా పట్టలేదన్నమాట. కుండ తట్టే పద్ధతి ఇక్కడికీ పనికివచ్చింది! తలుపులు ఒరుసుకోకుండా మూసుకుంటున్నాయా, నీళ్ళు పోస్తే రంధ్రం వైపే పారుతున్నాయా, విద్యుత్ ఎర్తింగ్ ఉందా అన్నవి కూడా చూస్తారు. వీలైతే వానాకాలంలో, పెద్ద వాన పడిన మర్నాడు వెళ్ళండి. ఏ రంగూ ఆ రోజు చెమ్మను పూర్తిగా దాచలేదు.

మన పాఠ్యపుస్తకంలోని సైన్సు

అనుమానం వస్తే పరికరాలు వాడతారు. అవి మీకు తెలియని విద్యలేమీ కావు.

రీబౌండ్ హ్యామర్ అంటే స్ప్రింగు ఉన్న సుత్తి. బంతిని సిమెంటు గచ్చు మీద కొడితే బాగా ఎగురుతుంది, ఇసుకలో కొడితే ఎగరదు. ఈ సుత్తి కాంక్రీటును తాకి ఎంత వెనక్కి వస్తుందో చూసి పైపొర గట్టిదనాన్ని అంచనా వేస్తారు.

రెండవది అతిధ్వని పరీక్ష. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లని చదువుకున్నాం. గట్టి కాంక్రీటులో అది సెకనుకు 4 కిలోమీటర్ల పైమాటే. లోపల బొరియలు, పగుళ్ళు ఉంటే తరంగం చుట్టూ తిరిగి ఆలస్యంగా వస్తుంది. 3 కిలోమీటర్ల కంటే తగ్గితే ఆ కాంక్రీటు బాగాలేదని లెక్క.

మూడవది ఫినాఫ్తలీన్. పదవ తరగతి ప్రయోగశాలలో క్షారంలో గులాబీ రంగుకు మారిన ఆ ద్రావణమే! మంచి కాంక్రీటుకు క్షార గుణం ఉంటుంది. అది లోపలి ఇనుముకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి లోపలికి పోయి ఆ గుణాన్ని తీసేస్తుంది. చిన్న ముక్క చెక్కి ద్రావణం చల్లితే, గులాబీ రంగు వచ్చినంత మేర కాపుదల ఉన్నట్లు, రంగు రాని చోట పోయినట్లు. పిల్లరు చువ్వల మీద కనీసం 40 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉండాలని ప్రమాణాలు చెప్పడానికి కారణం ఇదే. సెంట్రింగులో కవర్ బ్లాకులు పెట్టకుండా తొందరపడితే ఆ ఫలితం పదేళ్ళ తరువాత బయటపడుతుంది.

కాగితాలు, చట్టం

తనిఖీ బయానాకు ముందే జరగాలి. అది కుదరకపోతే "ఇంజనీరు తనిఖీలో భవనం బలానికి సంబంధించిన లోపం తేలితే బయానా తిరిగి ఇవ్వాలి" అని అగ్రిమెంటులో రాయించుకోవాలి.

ఇంజనీరుకు చూపించడానికి అనుమతి పత్రం, ప్లాను, స్ట్రక్చరల్ డ్రాయింగులు, మట్టి పరీక్ష నివేదిక, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం అపార్టుమెంట్ల వంటి పెద్ద కట్టడాలలో పది శాతం భాగాన్ని అనుమతి ఇచ్చిన సంస్థకు తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. మీరు కొనే ఫ్లాటు ఆ తనఖాలో ఉన్నదేమో చూసుకోండి. చెరువు దగ్గరైతే పూర్తి నీటి మట్టం హద్దు, దానిపైన వదలవలసిన దూరం కూడా చూడాలి. అదే నియమాలు 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు అని చెప్పాయి. 2024లో హైడ్రా ఏర్పడ్డాక చెరువు హద్దుల్లో కట్టినవాటిని కూల్చిన సంగతి మనందరికీ తెలుసు. ఎంత గట్టి కాంక్రీటైనా అక్కడ కాపాడలేదు. ఈ విషయాల్లో మీ సొంత న్యాయవాది సలహా తీసుకోండి.

కొత్త ఫ్లాటు అయితే 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షను తెలిసి ఉండాలి. స్వాధీనం చేసిన నాటి నుంచి 5 సంవత్సరాల లోపు నిర్మాణ లోపం గానీ, పనితనంలో లోపం గానీ బయటపడి తెలియజేస్తే, బిల్డరు అదనపు డబ్బు తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే పరిహారం కోరవచ్చు. అప్పుడు మన చేతిలో సంతకం, తేదీ ఉన్న ఇంజనీరు నివేదిక ఉంటే ఫిర్యాదుకు బలం వస్తుంది.

కూలిన గోడలు నేర్పిన పాఠం

2016 డిసెంబరు 8 రాత్రి నానక్‌రాంగూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో మన ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్ళిన కూలీలు ఎందరో ఉన్నారు. 2024 మే 7న ప్రగతి నగర్ పక్కనే ఉన్న బాచుపల్లిలో, పెద్ద వానకు ఒక కొత్త అపార్టుమెంటు దగ్గరి రిటెయినింగ్ గోడ కూలీల గుడిసెల మీద పడింది. ఏడుగురు చనిపోయారు. వారిలో నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. అదే ఏడాది నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్ నగర్‌లో పక్క స్థలంలో పునాది గొయ్యి తవ్వగానే ఒక భవనం ఒరిగిపోయింది. దాన్ని కూల్చవలసి వచ్చింది.

ఈ ఘటనల్లో చనిపోయినవారిలో ఎక్కువమంది కొన్నవారు కాదు, కట్టినవారు. కొనేవారు వచ్చేసరికి భవనం పూర్తయి ఉంటుంది. కానీ కట్టేటప్పుడే కొనేవారు అడగడం మొదలుపెడితే? "మా ఇంజనీరు వచ్చి చూస్తారు, మట్టి పరీక్ష చూపించండి, కాంక్రీటు దిమ్మెల పరీక్ష ఫలితాలు ఇవ్వండి" అని పదిమంది అడిగితే బిల్డరు జాగ్రత్తపడక తప్పదు. ఆ జాగ్రత్త ముందుగా కాపాడేది గోడ పక్కన గుడిసెలో నిద్రపోయే పిల్లవాణ్ణే. కాబట్టి అర్హత గల ఇంజనీరును పెట్టుకోవడం డబ్బున్నవారి అతిజాగ్రత్త అనుకోకండి. అది మన తల్లిదండ్రుల పని స్థలానికి కూడా కాపలా.

మీరే చేసి చూడండి

1. హాస్టలు గోడ మీద ఒక పగులును ఎంచుకోండి. రెండు కొనల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. రెండు నెలల తరువాత చూడండి. పగులు గీత దాటితే వార్డెన్ గారికి రాతపూర్వకంగా తెలియజేయండి. పెచ్చులు ఊడే పైకప్పు కింద మాత్రం నిలబడకండి.

2. స్నానాల గదుల వెనుక గోడను వానకు ముందు ఒకసారి, వాన తరువాత ఒకసారి చూసి తేడా రాసుకోండి.

3. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మనో, నాన్ననో "మంచి స్లాబును ఎలా గుర్తుపడతారు?" అని అడిగి, వారు చెప్పినది నోటుపుస్తకంలో రాసుకోండి. మన ఇళ్ళల్లో పుస్తకాలు లేకపోవచ్చు, పనితనం ఉంది.

4. ఈ పని మీద ఆసక్తి కలిగితే సివిల్ ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ దారులు ఉన్నాయి. హైటెక్ సిటీ దగ్గరే 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, అంటే న్యాక్, నిర్మాణ రంగంలో శిక్షణ ఇస్తుంది. కొనేవారి తరఫున నిజాయితీగా చూసి సంతకం పెట్టే ఇంజనీర్లు మన దగ్గర ఇంకా తక్కువే. ఆ సంతకం రేపు మీలో ఎవరిదైనా కావచ్చు.